చవక విమానాల వాళ్లు సిబ్బందికి నిజంగానే తక్కువ ఇస్తారా? ఒక లారీ ఓనరు డౌటు

జయపురం లారీ ఆఫీసు

అందరికీ నమస్తే. మాది కోరాపుట్ జిల్లా జయపురం. మూడు లారీలున్నాయి, లెక్కలన్నీ నేనే రాసుకుంటాను. సెమిలిగుడ నుంచి అల్లం, క్యాబేజీ ఎత్తి సుంకి ఘాటీ దిగి వైజాగ్‌లో దించుతాం. వచ్చేటప్పుడు సిమెంటో, కిరాణా సరుకో ఏది దొరికితే అది. డ్రైవర్ జీతం, బత్తా, డీజిల్, టైర్లు, ఫైనాన్సు కిస్తీ, వీటి గురించి నిద్రలో లేపి అడిగినా చెప్తాను. విమానాల లెక్కే బుర్రకెక్కడం లేదు.

పోయిన నెల పుణెలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లాను. వైజాగ్‌లో ఎక్కితే హైదరాబాద్ మీదుగా అదే విమానం. చవక టికెట్టే. హైదరాబాద్‌లో, పుణె వెళ్లేవాళ్లు సీట్లలోనే ఉండండి అన్నారు. మిగతావాళ్లు దిగిపోయారు. అప్పుడు చూశాను. ముప్పావుగంట కిందట నాకు నూడుల్స్ కప్పులో వేడినీళ్లు పోసి డబ్బులు తీసుకున్న అమ్మాయే, చేతులకి గ్లౌజులు తొడుక్కుని, పెద్ద ప్లాస్టిక్ సంచి పట్టుకుని, వరసకి వరస వంగి కాగితాలు, ఖాళీ కప్పులు ఏరుతోంది. వెనకాలే ఇంకో అమ్మాయి బెల్టులు సరిచేసి సీటు మీద ఇంటూ గుర్తులా పెట్టుకుంటూ వస్తోంది. నా దగ్గరికొచ్చి "కాళ్లు కొంచెం తీస్తారా సార్" అంది. నా అలవాటు కొద్దీ గడియారం చూశాను. చివరి మనిషి దిగిన దగ్గర్నుంచి కొత్తవాళ్లలో మొదటి మనిషి ఎక్కేసరికి పన్నెండు నిమిషాలు. మా లారీకి వైజాగ్ మార్కెట్లో తార్పాలిన్ తాళ్లు విప్పడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

చాలా ఏళ్ల కిందట పెద్ద కంపెనీ విమానంలో ఢిల్లీ వెళ్లినప్పుడు ఇలా లేదు. ఊడ్చేవాళ్లు వేరు, దుప్పట్లు మడతపెట్టేవాళ్లు వేరు, భోజనం ఎక్కించేవాళ్లు వేరు. ఎయిర్‌హోస్టెస్ తలుపు దగ్గర నమస్కారం పెట్టి నిలబడేది.

ఇప్పుడు అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా బావమరిది కూతురు, అంటే నా మేనకోడలు, రెండు చోట్ల క్యాబిన్ క్రూకి సెలక్టయింది. ఒకటి చవక కంపెనీ, ఒకటి భోజనం పెట్టే కంపెనీ. బావమరిది ఒకటే గోల, "చవగ్గా టికెట్ అమ్మేవాడు పిల్లకి జీతం ఎక్కణ్ణుంచి ఇస్తాడు బావా?" అని. నాకూ అదే డౌటు. జీతాల్లో కోసే టికెట్ తగ్గిస్తున్నారా, లోపల ఇంకేమైనా మతలబు ఉందా? ఉంటే పెద్ద కంపెనీలు అదే పని ఎందుకు చెయ్యలేదు?

బరంపురం కుర్రోడు

ఇందులో మతలబు ఏముందన్నా. జీతం తక్కువ, పని ఎక్కువ. లారీలో క్లీనర్‌ని మానిపించి డ్రైవర్ చేతే తాళ్లు కట్టించినట్టు. దానికి ఇంగ్లీషులో ఓ పేరు పెట్టారు, అంతే.

పర్లాకిమిడి రిటైర్డ్

బరంపురం తమ్ముడు సగం చెప్పాడు. మిగతా సగం నేను చెప్తాను, కాస్త పొడుగవుతుంది. పాతకాలపు విమాన సంస్థలో ఖాతాల విభాగంలో ముప్పై ఏళ్లు కూర్చున్నాను. ఇప్పుడు పర్లాకిమిడిలో మామిడిచెట్టు కింద కూర్చుంటున్నాను.

లారీబాబూ, మీ లెక్కలోనే చెప్తాను. మీ డ్రైవర్‌కి నెలకి ఇంత అని జీతం. వాడు నెలకి ఎనిమిది ట్రిప్పులు కొడితే ట్రిప్పుకి పడే జీతం ఒకటి, పన్నెండు కొడితే ఒకటి. వాడి జేబులోకి వెళ్లేది తగ్గలేదు, మీ ట్రిప్పు మీద పడేది తగ్గింది. జీతం వేరు, జీతం ఖర్చు వేరు. చవక విమానాల వ్యాపారమంతా ఈ రెంటి మధ్య సందులోనే ఉంది.

దీన్ని పెద్దయెత్తున చేసి చూపించింది అమెరికాలో సౌత్‌వెస్ట్ అనే విమాన కంపెనీ వాళ్లు. 1971లో టెక్సస్‌లో మొదలెట్టారు. మరుసటేడే డబ్బు కటకట వచ్చి, ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్ముకున్నారు. సర్వీసులు మాత్రం తగ్గించలేదు. నాలుగు చేసే పని మూడిటితో చెయ్యాలంటే దిగిన విమానం పది నిమిషాల్లో లేవాలి. లేపారు. మీరు హైదరాబాద్‌లో చూసిన గ్లౌజుల అమ్మాయి అక్కణ్ణుంచే వచ్చింది. ఊడ్చేవాళ్ల బండి కోసం ఎదురుచూస్తే పది నిమిషాలు దాటిపోతాయి, అందుకని లోపలున్నవాళ్లే ఎత్తేస్తారు. క్లీనింగ్ మనుషుల జీతం మిగలడం చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటంటే విమానం, ఇద్దరు పైలట్లు, నలుగురు అమ్మాయిలు, ఇంతమంది ఖరీదైన గంట నేల మీద కరిగిపోకుండా ఆగింది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఆ సౌత్‌వెస్ట్‌లో అయిదుగురు ఉద్యోగుల్లో నలుగురికి పైగా యూనియన్ సభ్యులే. జీతాలు కూడా అమెరికాలో పై వరసలోవే. 2024 జనవరిలో వాళ్ల పైలట్లు కుదుర్చుకున్న ఒప్పందంలో అయిదేళ్లలో జీతం దాదాపు సగం మేర పెరగాలని ఉంది. కాబట్టి "చవక టికెట్ అంటే చవక మనిషి" అన్నమాట చవక విమానాల పుట్టింటి దగ్గరే నిలబడదు.

రెండోది సీట్లు. మన దేశంలో యాభై సీట్లకి ఒక క్యాబిన్ క్రూ చొప్పున ఉండాలి. ఎయిర్‌బస్ ఎ320 అనే ఒకే విమానం తీసుకోండి. చవక కంపెనీ అందులో 186 సీట్లు బిగిస్తుంది. భోజనం పెట్టే కంపెనీ ముందు వెడల్పాటి సీట్లు పెడుతుంది కాబట్టి 162తో సరి. ఇద్దరికీ కావలసింది నలుగురు అమ్మాయిలు, ఇద్దరు పైలట్లు. అదే ఆరుగురి జీతం ఒకచోట 186 మంది మీద, ఒకచోట 162 మంది మీద పడుతుంది. ఎవరి జీతంలోనూ రూపాయి కొయ్యలేదు చూడండి.

మూడోది నైట్ హాల్టు. మీ డ్రైవర్ వైజాగ్‌లో పడుకుంటే హాల్టు బత్తా ఇస్తారు కదా? చవక కంపెనీ డ్యూటీలు వీలైనంత వరకు పొద్దున బయల్దేరిన ఊరికే రాత్రికి చేరేలా వేస్తుంది. ఎవరి మంచం మీద వాళ్లు పడుకుంటారు. పాత కంపెనీ సిబ్బందికి హోటలు, హోటలుకి కారు, పై ఊరి అలవెన్సు. అంతర్జాతీయ సర్వీసులైతే ఈ పద్దు ఎంత లావుగా ఉంటుందో నా కళ్లతో చూశాను. వోచర్లు గోనెసంచుల్లో వచ్చేవి.

ఇక అసలైనది, పైకి ఎవరూ చెప్పనిది, వయసు. కొత్త కంపెనీలో అందరూ కొత్తవాళ్లే, జీతాల నిచ్చెనలో కింది మెట్టు మీదే ఉంటారు. ముప్పై ఏళ్ల కంపెనీలో సగంమంది పై మెట్ల మీద ఉంటారు, వాళ్లతో పాటు పెన్షను, మెడికలు, కుటుంబానికి ఫ్రీ టికెట్లు. పని ఒకటే, మెట్టు వేరు. పెద్ద కంపెనీలు ఎందుకు చెయ్యలేదు అని అడిగారు కదా, చేశాయి. అమెరికాలో డెల్టా వాళ్లు 2003లో సాంగ్ అని ఒక చవక కంపెనీ పెట్టారు, 2006కి మూసేశారు. యునైటెడ్ వాళ్లు 2004లో టెడ్ అని పెట్టారు, అది 2009కి పోయింది. విమానానికి రంగు మార్చారు, భోజనం తీసేశారు, లోపల జీతాల పట్టీ మాత్రం పాతదే. పాత ఇంటికి కొత్త సున్నం వేస్తే ఇంటి పన్ను తగ్గుతుందా?

మన దగ్గర కొంతవరకు నడిచిన ఉదాహరణ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్. 2005లో పెట్టారు, కానీ వేరే కంపెనీగా, వేరే జీతాలతో, ఒకే రకం బోయింగ్ 737లతో. 2021 అక్టోబర్‌లో టాటాలకి అమ్ముతున్నామని ప్రకటించినప్పుడు ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఎయిర్ ఇండియాలో 12,085 మంది, అందులో 4,001 మంది కాంట్రాక్టు. విమానాలు 117. ఎక్స్‌ప్రెస్‌లో 1,434 మంది, విమానాలు 24. భాగించుకోండి. తల్లి కంపెనీలో విమానానికి 103 మంది, పిల్ల కంపెనీలో 60 మంది.

అయితే ఈ భాగహారాన్ని నమ్మి ఎవరితోనూ పందెం కాయకండి. తల్లి కంపెనీలో అమెరికా దాకా వెళ్లే పెద్ద బోయింగ్ 777లు ఉన్నాయి, వాటిలో నలుగురు పైలట్లు వెళ్లాలి. ఇంకో తమాషా కూడా ఉంది. ఒకప్పుడు ఈ నిష్పత్తి రెండు వందల పైన ఉండేది. తర్వాత ఇంజినీరింగ్ వాళ్లని ఒక అనుబంధ కంపెనీలోకి, గ్రౌండ్ వాళ్లని ఇంకో దాంట్లోకి మార్చారు. మర్నాటి నుంచి నిష్పత్తి అందంగా కనబడింది. మనుషులు అదే విమానాశ్రయంలో, అదే గేటు దగ్గర, అదే పని. జీతం స్లిప్పు మీద పేరు మారింది.

సునాబేడ ఫిట్టర్

మాస్టారూ, బాగా చెప్పారు. కానీ మెకానిక్కుల్ని ఒక్క వాక్యంలో దాటేశారు, మా జాతికి అన్యాయం జరిగిపోయింది.

నేను సునాబేడలో, యుద్ధవిమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ హెచ్ఏఎల్‌లో, ఇంజిన్ల విభాగంలో చేసి రిటైరయ్యాను. మా షాపులో మొదట మిగ్-21 ఇంజిన్లు, తర్వాత సుఖోయ్ ఇంజిన్లు. ఆ మిగ్-21లు కూడా 2025 సెప్టెంబర్‌లో రిటైరయ్యాయి, మా ఇద్దరి పెన్షన్ ఒకేసారి అనుకుని నవ్వుకున్నాను. మా అక్క కొడుకు ఒక చవక కంపెనీలో లైసెన్స్ ఉన్న మెయింటెనెన్స్ ఇంజినీరు, కాబట్టి రెండు పక్కలా కాస్త తెలుసు.

షాపులో ఒక ఇంజిన్ రకం నుంచి ఇంకో రకానికి మారడమంటే ఏమిటో చేసినవాడికే తెలుస్తుంది. పానాలు మారతాయి, జిగ్గులు మారతాయి, మాన్యువల్ మారుతుంది, అన్నిటికంటే చెయ్యి మారాలి. పదేళ్లు ఒకే నట్టుని ఒకే టార్కులో బిగించిన చెయ్యి కొత్త నట్టు దగ్గర తడబడుతుంది. విమానాల్లో అయితే లైసెన్స్ మీద ఆ రకం పేరు ఎక్కించుకుంటే తప్ప సంతకం పెట్టడానికి వీల్లేదు. నాలుగు రకాల విమానాలున్న కంపెనీ ప్రతి పెద్ద ఊళ్లోనూ, ప్రతి షిఫ్టులోనూ నాలుగు రకాల సంతకాలు దగ్గర పెట్టుకోవాలి. ఒక రకం వాళ్లు తలమునకలుగా ఉంటే పక్క రకం వాళ్లు టీ తాగుతూ ఉంటారు, సాయం పట్టడానికి వీల్లేదు. పైలట్లూ అంతే. ఒకే రకం ఉన్న కంపెనీలో ఎవరికి జ్వరం వచ్చినా ఇంకెవరైనా ఎక్కొచ్చు. ఇండిగో 2006లో మొదలెట్టిన దగ్గర్నుంచి పదేళ్లు ఎ320లు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు, చిన్న ఊళ్ల కోసం ఏటీఆర్ అనే చిన్న విమానాలు 2017లో తెచ్చింది.

లారీబాబుకి అర్థమయ్యే ఇంకో మాట. కొత్త బండి కొని, పెద్ద రిపేరు రాకముందే అమ్మేసి, మళ్లీ కొత్తది తెచ్చుకునే ఓనర్లు సాలూరులో లేరా? కొన్ని చవక కంపెనీలు అదే చేస్తాయి. ఆరేళ్ల లీజుకి కొత్త విమానం తెస్తాయి. బోల్టు బోల్టూ విప్పి చూసే పెద్ద చెక్ వచ్చేలోపు తిరిగి ఇచ్చేస్తాయి. ఆ చెక్కులో వేల గంటల మెకానిక్ పని ఉంటుంది. ఆ పని చేసే మనిషి, వాడి జీతం, ఇంకెవరి పుస్తకంలోనో పడతాయి.

జయపురం లారీ ఆఫీసు

మాస్టారూ, సునాబేడ అన్నా, ఇద్దరికీ దండం. రాత్రి మీ లెక్క పట్టుకుని నా పుస్తకం తీశాను. నిరుడు జనవరిలో నా రెండో బండి తొమ్మిది ట్రిప్పులే కొట్టింది, అందులో వైజాగ్‌లో రిటర్న్ లోడు కోసం పడుకున్న రోజులు పదకొండు. పదకొండు రోజులు డ్రైవర్‌కి జీతం, బత్తా, నాకు కిస్తీ. లోడు దొరికితే చాలనుకుని ఇన్నాళ్లూ పుస్తకంలో ఆ గడి వంక చూడనేలేదు.

ఒక్క డౌటు. ఇలా పిండుతూ పోతే మనిషి అరిగిపోడా? మా ఘాటీలో నిద్రలేని డ్రైవర్‌ని పంపితే ఏమవుతుందో మాకు తెలుసు. పైన అడిగేవాడెవరు?

పర్లాకిమిడి రిటైర్డ్

అడిగేవాడున్నాడు, డీజీసీఏ అని, విమాన కంపెనీల మీద కేంద్రం పెట్టిన నియంత్రణ సంస్థ. పైలట్ ఏడాదికి 1,000 గంటలకి మించి ఎగరకూడదు. వారంలో ఒకసారి ఇచ్చే విశ్రాంతి ఒకప్పుడు 36 గంటలు ఉండేది, 2025లో 48 చేశారు. రాత్రిపూట దించే లాండింగులకీ కోత పెట్టారు. పాత కంపెనీలో చట్టం గీసిన గీతకీ, మనిషి నిజంగా ఎగిరే గంటలకీ మధ్య ఖాళీ ఉండేది. చవక కంపెనీ లాభమంతా ఆ ఖాళీని పూడ్చడంలోనే ఉంది. అందుకే గీత కొంచెం జరిగినా వీళ్లకి ముందు తగులుతుంది. ఆ డిసెంబర్‌లో విమానాలు రద్దయి విమానాశ్రయాల్లో పేరుకున్న సూట్‌కేసుల గుట్టలు టీవీల్లో అందరం చూశాం.

మీ బావమరిదికి ఒక లెక్క చెప్పండి. అమెరికాలో విమాన కంపెనీ ఖర్చులో మూడో వంతు దాకా మనుషులదే. అందుకే అక్కడ యూనియన్, కాంట్రాక్ట్, సమ్మె ఎప్పుడూ పేపర్లో ఉంటాయి. మన దగ్గర ఇండిగో లాంటి కంపెనీలో అది పదో వంతు అటూఇటూ. ఇంధనం దాన్ని మింగేస్తుంది. పైగా ఇంధనం, లీజు అంతా డాలర్ల ధరల్లో, జీతం ఒక్కటే రూపాయల్లో. ఇప్పుడు 5,000 రూపాయల టికెట్ అనుకోండి. మనుషుల వాటా 500. అందరి జీతాల్లోనూ అయిదో వంతు నిర్దయగా కోసేసినా టికెట్ మీద తగ్గేది వంద రూపాయలు. వైజాగ్ ఎయిర్‌పోర్టులో ఒక కాఫీకి చాలదు. జీతం కొయ్యడం వల్ల టికెట్ చవకైందని చెప్పేవాడు ఈ వంద రూపాయల లెక్క వేసుకోలేదన్నమాట.

గుణుపూర్ పిల్ల

మాస్టారూ, క్షమించండి. మీ వంద రూపాయలు టికెట్ కొనేవాళ్లకి చిన్నవి. ఆ కోసిన అయిదో వంతు మాకు ఇంటద్దె.

మాది రాయగడ జిల్లా గుణుపూర్. నేను ఒక పెద్ద నగరం ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ దగ్గర రెండేళ్లు చేశాను. ఒంటి మీద విమాన కంపెనీ రంగు స్కార్ఫు. జీతం ఇచ్చేది వేరే కాంట్రాక్ట్ సంస్థ, పేరు చెప్పను. ఉదయం షిఫ్టు అంటే రాత్రి రెండున్నరకి క్యాబ్ ఎక్కాలి. మొదటి జీతంలో యూనిఫాం డబ్బులు, బూట్ల డబ్బులు, ఐడీ పాస్ డబ్బులు పట్టుకున్నారు. చేతికి ఎంతొచ్చిందో అమ్మకి ఈరోజుకీ చెప్పలేదు. అదే కౌంటర్లో నా పక్కన కూర్చునే మేడమ్ కంపెనీ రోల్ మీద ఉండేవారు. నేనూ ఆవిడా ఒకే బెల్టు మీద ఒకే బ్యాగులు వేసేవాళ్లం. ఆవిడకి నాకంటే రెండింతల పైనే. ఆవిడది చవక కంపెనీ కాదు, నాదీ కాదు. భోజనం పెట్టే కంపెనీయే. కాబట్టి చవక కంపెనీ చెడ్డది, పెద్ద కంపెనీ మంచిది అని లెక్కేసుకోకండి. ఈ కాంట్రాక్ట్ వ్యవహారం అందరి దగ్గరా ఉంది. యూరప్‌లో అయితే రైన్‌ఎయిర్ అనే చవక కంపెనీ వాళ్లు పైలట్లనే ఏజెన్సీల ద్వారా పెట్టుకునేవాళ్లు, యూనియన్లని గుర్తించడానికి 2017 డిసెంబర్ దాకా ఒప్పుకోలేదు.

అంకుల్, మీ మేనకోడలిని ఆఫర్ లెటర్లో పెద్ద అంకె చూడొద్దనండి. అందులో స్థిరంగా ఇచ్చేది ఎంత, ఎగిరిన గంటల మీద వచ్చేది ఎంత అని అడగమనండి. కాలు బెణికి నెలరోజులు ఇంట్లో కూర్చుంటే చేతికి వచ్చేది మొదటిదే. పెద్ద పెద్ద పైలట్లకే ఇది గొడవ. 2024లో విస్తారా అనే విమాన కంపెనీ ఎయిర్ ఇండియాలో కలిసేముందు, గ్యారంటీగా జీతమిచ్చే గంటలు నెలకి 70 నుంచి 40కి తగ్గుతున్నాయని వాళ్ల పైలట్లు పట్టుబట్టారు. తర్వాత, బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ట్రైనింగ్ ఫీజు ఎవరిది, ఏ ఊళ్లో పోస్టింగ్. వైజాగ్ కాకుండా ముంబై అయితే జీతంలో ఎంత గదికే పోతుందో ఒక కాగితం మీద రాసుకోమనండి. చెత్త ఏరడం గురించి మాత్రం భయపడొద్దు. నేను చూసిన అమ్మాయిలెవరూ దాని గురించి బాధపడలేదు. ఆలస్యమైనప్పుడు ప్యాసింజర్లు తిట్టే తిట్లకంటే కప్పులు ఏరడం నయం.

బరంపురం కుర్రోడు

అక్కా, నా మొదటి కామెంట్ సగం వెనక్కి తీసుకుంటున్నా. మిగతా సగం నీ జీతం స్లిప్పు మీద ఉంది.

పర్లాకిమిడి రిటైర్డ్

గుణుపూర్ తల్లీ, నువ్వు చెప్పింది నా లెక్క పుస్తకంలో "బయటి సేవలు" అనే పద్దులో పడేది. సిబ్బంది జీతాల పద్దులో కాదు. అందుకే నేను పైన వేసిన భాగహారాల్లో నువ్వు లేవు. నేను ముప్పై ఏళ్లు ఆ పద్దు మీద టిక్కు పెట్టాను గానీ అందులో మనుషులు ఉన్నారని ఎప్పుడూ అనుకోలేదు.

జయపురం లారీ ఆఫీసు

ఆలస్యంగా రాస్తున్నా, మన్నించండి. మీ మాటలన్నీ ప్రింట్ తీయించి బావమరిది ఇంటికి పట్టుకెళ్లాను.

ఈలోగా ఇంకో పిచ్చి పని చేశాను. మా జయపురంలోనూ విమానాశ్రయం ఉంది, బయటివాళ్లకి తెలీదు. 2022 చివర్లో, చిన్న ఊళ్లకి విమానాలు నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం కింద ఇండియావన్ ఎయిర్ వాళ్లు ఇక్కణ్ణుంచి భువనేశ్వర్‌కి, తర్వాత వైజాగ్‌కి చిన్న విమానం మొదలెట్టారు. సెస్నా కారవాన్, ఒకే ఇంజిన్, ముందు పంకా, తొమ్మిది సీట్లు. మాస్టారి సూత్రం దీని మీద వేసి చూశాను. 186 సీట్ల చవక విమానంలో ఆరుగురు, అంటే మనిషికి 31 సీట్లు. 162 సీట్లదైతే 27. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లకి ఇద్దరు పైలట్లు, ఇద్దరు అమ్మాయిలు, మనిషికి ఇరవైకి కాస్త తక్కువ. మా జయపురం విమానంలో అమ్మాయిలే లేరు, ఊడ్చేదీ లేదు, నూడుల్సూ లేవు. ఉన్నది ఇద్దరు పైలట్లు. మనిషికి నాలుగున్నర సీట్లు! పైగా అది నెమ్మదిగా పోతుంది, గంటకి తిరిగే దూరమూ తక్కువే. మా ఊరోళ్లంతా పాపం చిన్న విమానం, చవగ్గా నడుస్తుంది అనుకుంటారు. పైలట్ల జీతం సీటు మీద వేసి చూస్తే దీనంత ఖరీదైన విమానం ఇంకోటి లేదు. ప్రభుత్వం కొంత భరించబట్టే ఆ టికెట్ మన చేతికి అందింది. నా మినీ లారీకీ, పది చక్రాల బండికీ డ్రైవర్ జీతం ఒకటే అయినప్పుడు మినీ లారీ ఎందుకు మిగల్చదో ఇప్పుడు తెలిసింది. దాన్ని అమ్మకానికి పెట్టాను.

మేనకోడలు సంగతి. గుణుపూర్ తల్లి చెప్పిన ప్రశ్నలన్నీ రెండు కంపెనీలకీ ఫోన్ చేసి అడిగింది. పెద్ద కంపెనీ ఆఫర్లో పై అంకె ఎక్కువ, స్థిరంగా వచ్చేది తక్కువ, ఊరు ఢిల్లీ. చవక కంపెనీలో పై అంకె తక్కువ, స్థిరమైనది ఎక్కువ, ఊరు హైదరాబాద్, రాత్రికి ఎక్కువసార్లు గదికి చేరిపోవచ్చట. చవకదాన్నే ఎంచుకుంది. వచ్చే నెల ట్రైనింగ్.

వాళ్లమ్మ మాత్రం ఒక్క విషయం దగ్గరే ఆగిపోయింది. "మా పిల్ల విమానంలో చెత్త ఎత్తుతుందా అన్నయ్యా?" అంది. లోపల గదిలోంచి మేనకోడలు, "ఇంట్లో ఎప్పుడైనా ఎత్తానా మావయ్యా, అక్కడైనా నేర్చుకోనీ" అంది. బావమరిది నవ్వాడు గానీ, వాళ్లమ్మ ఇంకా నవ్వలేదు.